మందల త్రోవ

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును పచ్చికబయళ్లకును, పశుపాలకులకును ప్రత్యేకించినది. పచ్చికబయలన్నంతనే మనవారికి మంగోలియా తలపునకు వచ్చును గాని, పాలమూరి చెలకలును, అనంతపురపు రాతిగుట్టలును రావు. ఆ సీమలయందు అనావృష్టి క్రొత్తగా పుట్టినది గాదు. గొల్లకురుమలకది తాతలనాటి చుట్టమే. మారినది దాని నడవడి: తొలకరి మొగము చాటువేయుటయు, వచ్చిననాడు నెలవాన ఒక్కపూటనే కురిసి వాగులపాలగుటయు, నడుమ బెట్టలు దీర్ఘించుటయు తఱచైనవి.

వాన ఎచ్చట పడునో తెలియని దేశమున గొఱ్ఱెలకాపరి నమ్ముకొనినది తన కాళ్లనే. వరికోతలు ముగిసినంతనే కృష్ణా తుంగభద్రల ఆయకట్టులకు మందను తోలుకొనిపోయి, పగలు కొయ్యకాళ్లలో మేపి, రాత్రి రైతు చేనిలో మంద నిలిపి, ఆ ఎరువునకు బదులుగా గింజలో రూకలో గైకొని, వానలు పడినవెనుక స్వగ్రామము చేరు ఈ ఆనవాయితీలో మేతయు, ఎరువును, జీవనమును ఒక్కమాఱే సమకూరుచున్నవి. గడ్డి యెండినను తుమ్మకాయలతోను, కొమ్మరొట్టతోను నెట్టుకొనివచ్చు మేకలను మందలో కలుపుట మఱియొక జాగ్రత్త.

కాపరులు చేయునవన్నియు జాగ్రత్తలే యని నేను పొగడను. ఉన్నికి వెల పడిపోయి మాంసమునకు గిరాకి హెచ్చగా, గొంగడికి ఉన్నినిచ్చుచు, కొలదిమేతతో దూరము నడవగల నల్లని దక్కనీ గొఱ్ఱెను విడిచి, నెల్లూరు జాతికి మొగ్గినవారు అనేకులు. సంతధర చూచినచో అది తెలివియే. కఱవును తలచినచో సందేహమే.

ప్రభుత్వముల చింతన మాత్రము తలల లెక్కను దాటదు. తెలంగాణమున 2017లో, 75 శాతము రాయితీపై ఒక్కొక్క లబ్ధిదారునకు 20 గొఱ్ఱెలను, 1 పొట్టేలును పంచిరి. అవి మేయవలసిన బంజరును గూర్చి అంత శ్రద్ధ కానరాలేదు. మేతబీళ్లు పట్టాలైనవి, తోటలకు కంచెలు పడినవి, కర్నూలు, అనంతపురము ప్రాంతములయందు వేలాది యెకరములు సౌరఫలకముల క్రిందికి పోయినవి. వాతావరణమును కాపాడుటకని తలపెట్టిన పనియే, దాని మార్పును తట్టుకొను నేర్పుగలవాని త్రోవను మూయుట యెంత విపరీతము! సౌరవిద్యుత్తు వలదని నా వాదము గాదు. బీడన్నది యెవరికిని పనికిరాని నేలయను రెవిన్యూ దృష్టియే నా కభ్యంతరము.

కాపరికి కావలసినది మఱికొన్ని జీవములు గాదు. మందలు నడచు త్రోవలను, నీరుత్రాగు కుంటలను, రాత్రి విడిదిచేయు బయళ్లను గ్రామపటములందు గుర్తించి, వానిని ఇతరుల కీయకుండ శాసించినచో చాలును. ఆ పని ఈ సంవత్సరముననే యారంభింపవలెనని ఉభయ రాష్ట్ర ప్రభుత్వములకు నా విన్నపము.