భద్రాచలంలో ఇల్లు అమ్మే లెక్క వేరు

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పటి నుంచి ఒక సలహా ఊరూరా తిరుగుతోంది: ఇక్కడి ఇల్లు అమ్మేసి, ఆ సొమ్ము డిపాజిట్లలోనో ఫండ్లలోనో వేసి, ఖమ్మంలో అద్దెకు ఉండండి అని. వడ్డీ ఇంత, అద్దె అంత అని పట్టికలు కూడా వేస్తున్నారు. ఆ లెక్క మొదటి అంకె దగ్గరే తప్పింది. ఖమ్మం పట్టణం మైదానం, భద్రాచలం ఏజెన్సీ, అంటే షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ అమ్మకం అనే మాటకున్న అర్థం ఇక్కడ లేదు.

ఏజెన్సీలో భూబదలాయింపును నియంత్రించే 1/70 రెగ్యులేషన్ గురించి రాసేవారు ‘గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనరాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అది 1959 నాటి మూల రెగ్యులేషన్ సారం. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన 1/70 సవరణ అంతకంటే చాలా దూరం వెళ్లింది. అమ్మే మనిషి గిరిజనుడైనా కాకపోయినా, కొనేది షెడ్యూల్డ్ తెగల వారో, పూర్తిగా వారితోనే ఏర్పడిన సహకార సంఘమో కాకపోతే ఆ బదిలీ మొదటి నుంచే చెల్లదు. పైగా ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న స్థిరాస్తి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం స్వాధీనంలో ఉన్నవారిదే. చట్టం వాడిన మాట ‘స్థిరాస్తి’. అది పొలంతో ఆగదు, ఇల్లూ అందులోదే. బదిలీ అంటే అమ్మకం, తాకట్టు, లీజు, దానం, మార్పిడి మాత్రమే అనుకోకండి, వాటి కోసం రాసుకున్న ఒప్పందమూ బదిలీయే. వారసత్వం, భాగపంపకం, వీలునామా దాని బయట ఉన్నాయి.

ఈ భూబదలాయింపు రెగ్యులేషన్ (ఎల్‌టీఆర్) కేసులు చూసే నా దగ్గరికి వచ్చే కాగితాలన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. వంద రూపాయల స్టాంపు కాగితం, నాలుగు మడతల దగ్గర చెరిగిన అక్షరాలు, నోటరీ ముద్ర, చివర ‘నేటి నుండి స్వాధీనపరచితిని’. దానికి పిన్ను కొట్టిన ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు. వీటితో సొమ్ము చేతులు మారుతుంది, హక్కు మారదు. రేపు కేసు పడి కొన్నవారు ఖాళీ చేయాల్సి వస్తే నేరుగా అమ్మినవారి గుమ్మం ముందుకే వస్తారు. చెల్లదని తేలిన ఒప్పందం కింద పొందినది తిరిగివ్వాలని కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ అంటోంది. అప్పటికి ఆ డబ్బు ఏ ఫండులో ఎంత పెరిగినా, దాన్ని మనదనుకుని నిద్రపోలేం.

ఈ నిషేధం అన్యాయమని వాదించేవారు 1988లో పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవాలి. గిరిజనేతరుల మధ్య అమ్మకాలను ఆపడం కూడా రాజ్యాంగబద్ధమేనని అది తేల్చింది. ఆ తీర్పు సబబైనదని నా నమ్మకం. చేతులు మారే దారి తెరిచి ఉంచితే, పోయిన భూమి ఇక్కడి కోయ ఆదివాసీల చేతికి ఎన్నటికీ తిరిగి రాదు. ఇక్కడ ధర తక్కువ పలకడం చట్టం చేసిన పొరపాటు కాదు, చట్టం కోరిన ఫలితం.

అయితే వరదకు మూడుసార్లు సామాను అటకెక్కించిన కుటుంబం ఏం చేయాలి? దారి ఆ రెగ్యులేషన్ 3వ సెక్షన్‌లోనే ఉంది. కొనే గిరిజనులు దొరకకపోతే ఆస్తిని ప్రభుత్వమే తీసుకోవాలని ప్రభుత్వ ఏజెంటుకో, నిర్ణీత అధికారికో దరఖాస్తు చేసుకోవచ్చని 3(1)(సి) చెబుతోంది. పరిహారాన్ని మాత్రం 1961 నాటి భూగరిష్ఠ పరిమితి చట్టం 10వ సెక్షన్‌కు ముడిపెట్టారు. సాగుభూమి కోసం రాసిన ఆ లెక్కతో పట్టణంలోని ఇంటికి విలువ కడతామంటే ఎవరు ముందుకొస్తారు?

మార్చాల్సింది ఆ ఒక్క లెక్క. 1/70ని సడలించమని అడిగే నాయకులు, ఇంటికి తగిన పరిహారమిచ్చి ఆ క్లాజును పని చేయించమని అడగాలి. ఇల్లు ప్రభుత్వానికి, అక్కడి నుంచి ఆదివాసీకి చేరుతుంది. అమ్మినవారి చేతికి వచ్చిన సొమ్ము చట్టబద్ధమవుతుంది. వడ్డీ లెక్కలు అప్పుడు వేసుకోవచ్చు. అందాకా, నోటరీ కాగితం మీద సంతకం పెట్టకండి.