సగం దాంక మంచిగనే ఉండె

టీవీలో సినిమా అయిపోగానే మా అత్తమ్మ తీర్పు చెప్పేస్తుంది. ఎక్కువసార్లు ఒకటే మాట: "సగం దాంక మంచిగనే ఉండె, ఆఖరికి ఆగం జేసిండ్రు."

కుటుంబ కథల విషయంలో ఈ మాట మరీ నిజం. 2022 మార్చిలో వచ్చిన 'ఆడవాళ్లు మీకు జోహార్లు' సంగతే చూడండి. ఇంటినిండా ఆడవాళ్లు, అందరికీ ఒక్కడే ముద్దుల కొడుకు. వాడికి ఏ పిల్లను చూసినా ఏదో వంక పెట్టి వద్దంటారు. తీరా వాడికి నచ్చిన అమ్మాయి తల్లికేమో పెళ్లి అన్న మాటే గిట్టదు. ఎంత మంచి ఎత్తుగడ! పైగా రాధిక, ఊర్వశి, ఖుష్బూ లాంటి నటులున్నారు. కొడుకు మీద ఈ పట్టు ఎక్కడి నుంచి వచ్చింది, కోడలొస్తే తమ చోటు పోతుందన్న భయమా అని అడుగుతారేమోనని ఆశపడ్డాను. కథ మాత్రం హీరో అందరినీ ఎలా ఒప్పించాడన్న దారి పట్టింది. జోహార్లు పేరులో మిగిలాయి, కథ అబ్బాయిదైంది.

మరుసటి ఏడాది మే నెలలో నందినీరెడ్డి తీసిన 'అన్నీ మంచి శకునములే' వచ్చింది. కోర్టు గొడవలున్న రెండు కుటుంబాలు, పుట్టిన రోజే తారుమారైన ఇద్దరు పసిపిల్లలు. ఒకరి బిడ్డ ఇంకొకరింట్లో పెరుగుతారు. ఆ నిజం తెలిసిన నాడు పాలిచ్చి పెంచిన తల్లి ఎవరిని పట్టుకుని ఏడుస్తుంది? నేను ఎదురుచూసింది ఆ ఒక్క ప్రశ్న కోసం. తీసింది ఆడమనిషే కదా అన్న ఆశ కూడా ఉంది. కాఫీ వ్యాపారానికీ, యువజంట ప్రేమకూ దొరికినంత సమయం ఆ తల్లుల మనసుకు దొరకలేదనిపించింది.

"సినిమా అన్నాక మంచిగ ముగియొద్దా?" అని మా ఆయన వాదన. ముగియాలి. 'బలగం' కూడా కలిసిపోవడంతోనే ముగుస్తుంది కదా! 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమా తీసిన వేణు యెల్దండిది మా పక్క జిల్లా సిరిసిల్లే. బావకు నల్లిబొక్క వేయలేదన్న పంతంతో మొదలైన గొడవ, ఇరవై ఏళ్లు ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేస్తుంది. తండ్రి పోయాక పిట్టకు పెడితే కాకి ముట్టదు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ ముట్టదు. ఎవరి రోషం వారిదే, ఎవరి లెక్క వారిదే. ఆ కాకి ముట్టేదాకా దర్శకుడు ఎవరినీ ఊరికే మంచివాళ్లను చేయలేదు. అందుకే చివర్లో వాళ్లు ఏడిస్తే మనమూ ఏడ్చాం.

తేడా అదే. మంచి ఎత్తుగడంటే ప్రేక్షకులకు చేసిన అప్పు. ఒక ఉపన్యాసంతోనో, పెళ్లిపందిరితోనో తీరదు. ఇళ్లల్లో గొడవలు ఎలా మొదలవుతాయో, ఎన్నేళ్లు నలుగుతాయో, ఎవరు ముందు మెట్టు దిగుతారో ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మనకు తెలిసిన కష్టాన్నే మొదట చూపించి, ఆఖర్లో తేలిగ్గా తేల్చేస్తే సినిమా చెడిపోవడంతో ఆగదు. "ఇంతేనా, సర్దుకుంటే అయిపాయె" అని మన కష్టాన్ని కూడా చిన్నది చేసినట్టవుతుంది.

'బలగం' చూసిన రాత్రి అత్తమ్మ ఏ తీర్పూ చెప్పలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "మా తమ్మునికి ఫోన్ కలుపు బిడ్డా" అంది. పొలం పంపకాల దగ్గర ఆయనతో మాటలు బందై అప్పటికి మూడేళ్లు. ఆయన ఎత్తలేదు. పొద్దున మళ్లీ కలపమంది. రెండో రోజు ఎత్తాడు.

ఇప్పటికీ రాకపోకలు పూర్తిగా కలవలేదు. పండక్కి మాత్రం ఫోన్ వస్తుంది. నిజమైన కథలు ఇంత మెల్లగానే నడుస్తాయి. సినిమా తీసేవాళ్లు కూడా కాస్త ఓపిక పడితే బాగుండు.