ఇరువదియొక్క యేండ్ల నిబంధనకు కాపరి యెవరు?

ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి మద్యము విక్రయించుట తెలంగాణమున నేరము. 1968 నాటి ఆబ్కారీ చట్టమే నేటికిని అమలులో నున్నది. ప్రతి దుకాణదారుని లైసెన్సును ఆ చట్టమునకు లోబడినదే. ఐనను జల్‌పల్లి, మామిడిపల్లి, శంషాబాదు ప్రాంతముల బాటల వెంబడి సాయంసమయమున సంచరించువారికి ఇట్టి శాసన మొకటి గలదని తోచుట దుర్లభము. మీసము సరిగా మొలవని బాలురు మోటారు సైకిళ్లపై వచ్చి నిలుతురు, సొమ్ము చెల్లింతురు, సీసా గొనిపోవుదురు. నీ వయస్సెంతయను ప్రశ్న మాత్రము వినరాదు.

ఈ ప్రాంతము మాఱిన తీరు పాఠకు లెఱుగనిది కాదు. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెఱవబడెను. మఱుసటి యేడు మెహిదీపట్నమునుండి ఆరాంఘరు వైపునకు పదునొకండు కిలోమీటర్లకు మించిన వంతెన బాట వచ్చెను. పిదప నగరమును చుట్టి 158 కిలోమీటర్ల ఔటరు రింగురోడ్డు పూర్తియయ్యెను. భూమి ధర లాకసము నంటెను, చేలు ప్లాట్లయ్యెను, మిగిలిన తోటలలో కొన్ని ఫారంహౌసులను పేర శని, ఆదివారములందు కిరాయికి పోవుచున్నవి. డిసెంబరు 31వ తేది రాత్రి విమానపు టిక్కెట్టు గలవారికి దక్క తక్కినవారికి ఆ వంతెన బాటను పోలీసువారు మూసివేయుట యాచారమైనది. త్రాగి వాహనములు నడపువారికి జడిసి ఒక రాత్రి రాజబాటనే మూయవలసి వచ్చినది సరే, తక్కిన మున్నూట యఱువది నాలుగు రాత్రుల మాట యేమి?

త్రాగుట వేఱు, ఒక్క పూట కూర్చుండి మితిమీఱి త్రాగుట వేఱు. నేటి యువకులకు పట్టినది రెండవ జాడ్యము. ఒక సందర్భమున అఱువది గ్రాములు, అంతకు మించి శుద్ధమైన ఆల్కహాలు పుచ్చుకొనుటను ప్రపంచారోగ్య సంస్థవారు అతిపానముగా లెక్కింతురు. మన దుకాణములలో క్వార్టరని పిలువబడు విస్కీ సీసా 180 మిల్లీలీటర్లు. అందు నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు. తూకము గట్టినచో రమారమి 61 గ్రాములగును. అనగా వైద్యులు అపాయపు గీటును ఎచ్చట గీచిరో, సర్కారు ముద్ర గల చిన్న సీసా సరిగా అచ్చటనే నిండుచున్నది! బీరే గదాయని స్ట్రాంగు బీరు పెద్ద సీసాలు రెండు పుచ్చుకొన్న కుఱ్ఱవాడును ఆ గీటును దాటినవాడే. ఆరోగ్యవంతుని కాలేయము సామాన్యముగా గంటకు పది గ్రాములకు లోపుగనే దీనిని హరింపగలదు. కావున అర్ధరాత్రమున క్వార్టరు ముగించినవాడు తెల్లవాఱుచుండగా కాలేజికై బండి యెక్కునప్పటికిని పూర్తిగా తెలివిలో నుండడు. తొందరపడిన చేతిని వెనుకకు లాగునట్టి మెదడు భాగము ఇరువదియైదవ యేటి వఱకును పరిణతి చెందుచునే యుండునని శాస్త్రజ్ఞు లనుచున్నారు. వయోనియమమునకు మూలము ఛాందసము కాదు, ఇదియే.

2016 జూలై 1వ తేదిని హైదరాబాదున పంజాగుట్టవద్ద జరిగిన ఘోరమును మఱచితిమా? బారులో త్రాగి వచ్చిన విద్యార్థుల కారు విభజనపు గోడ నెగిరి యెదురుగా వచ్చుచున్న కారుపై బడెను. పాఠశాలనుండి యింటికి పోవుచున్న పదియేండ్ల బాలికయు, ఆ కుటుంబమువారే మఱి యిద్దఱును ప్రాణములు గోల్పోయిరి. అంత చిన్నవయస్సువారికి పట్టపగలు బారులో మద్యమెట్లు లభించెనన్న ప్రశ్న కొన్నాళ్లు ఊరెల్ల మాఱుమ్రోగెను. తరువాత ఆ ప్రశ్న అణగిపోయెను. సమాధానము వచ్చి యణగినది కాదు.

మాకు తోచిన సమాధానము సులభమైనది. ఈ నిబంధనకు కాపరి విక్రేతయే. అమ్మినకొలది లాభించువానిని అమ్మకుండుటకు కాపలా పెట్టుట దొంగచేతికి తాళము లిచ్చుటయే గదా. వానిపై కనిపెట్టి యుండవలసిన సర్కారో, వానికంటె ముందుగనే సొమ్ము చేసికొనుచున్నది. 2023లో రాష్ట్రమందలి 2,620 దుకాణములకు చీట్లు తీసినప్పుడు దరఖాస్తొకటికి రుసుము రెండు లక్షల రూపాయలు. చీటి రానివానికి అది తిరిగి రాదు. లక్షా ముప్పదివేలకు మించి దరఖాస్తులు పడెను. ఒక్క సీసా అమ్ముడుపోకముందే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలకు మించి చేరెను. ఇందు శంషాబాదు ఆబ్కారీ జిల్లా వాటా పదివేల దరఖాస్తులకు మించినది! 2025లో రుసుమును మూడు లక్షలు చేసిరి. ఇంత పందెమొడ్డి దుకాణము సంపాదించినవాడు పందొమ్మిదేండ్ల గిరాకిని వాకిటనుండి త్రిప్పి పంపునని నమ్మువారు నమ్ముదురు గాక.

వయస్సును పెంచవలెనని కొందఱు, తగ్గించవలెనని కొందఱు వాదించుచున్నారు. ఢిల్లీలో ఇరువదియైదు, గోవాలో పదునెనిమిది. కేరళము 2017లో ఇరువదియొకటిని ఇరువదిమూడు చేసెను. హర్యానా 2021లో ఇరువదియైదును ఇరువదియొకటికి దించెను. అమలులేని చోట అంకె యేదైన నొకటే. అమెరికాలో 1984 నాటి శాసనము మాకు వేఱొక కారణమున గమనింపదగినదిగా కనబడుచున్నది. ఇరువదియొక్క యేండ్ల నియమము నంగీకరింపని రాష్ట్రములకు రహదారుల గ్రాంటులో కోత విధింతుమని కేంద్రము శాసించెను. దక్షిణ డకోటా న్యాయస్థానమున కెక్కి 1987లో ఓడిపోయెను. 1988 నాటికి రాష్ట్రములన్నియు దారికి వచ్చెను. ఆ నియమమువలన విద్యార్థులు చాటున మఱింత త్రాగుచున్నారని 2008లో అచ్చటి కళాశాలాధ్యక్షులే కొందఱు వాదించిన మాట నిజమే. మనకా చిక్కు లేదు. ఇచ్చట చాటెక్కడిది? దీపములు వెలిగించిన దుకాణమునందే కార్యము నెఱవేఱుచున్నది.

ఒకటి మాత్ర మందుండి గ్రహింపవచ్చును: సొమ్ముతో ముడిపెట్టిన నియమము నిలిచినది. మనవద్ద సొమ్మంతయు నియమోల్లంఘనము వైపుననే యున్నది.

సంపూర్ణ నిషేధమే మందని పెద్దలనవచ్చును. రాజ్యాంగము 47వ అధికరణము ఆ యాదర్శమునే చూపుచున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడి నడపిన యుద్యమ ఫలితముగా 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున నిషేధము వచ్చెను. 1997లో ఖజానా పేరుచెప్పి దానిని సడలించిరి. ఆ చర్చను మేము మఱియొక నాటికి విడిచిపెట్టుచున్నాము. నిషేధము వచ్చువఱకు, ఉన్న చట్టమునైన నిలుపుకొనవలదా?

ఇచ్చట మా పాఠకులలో భూవసతి గలవారితో ఒక మాట. 2025 అక్టోబరులో మొయినాబాదు వద్ద నొక ఫారంహౌసున, ఇన్‌స్టాగ్రాములో పిలుపు చూచి రుసుము చెల్లించి గుమిగూడిన పిల్లలను పోలీసువారు పట్టిరి. ఆ సంగతి చదివి, పిల్లల పెంపకమును నిందింపనివారు లేరు. ఆ యిల్లు ఏ పిల్లవాని సొత్తు? తోటను ఒక రాత్రికి కిరాయికిచ్చునప్పుడు వచ్చువా రెవరో, ఎంత ప్రాయమువారో విచారింపక, పైకము లెక్కించుకొని తాళము లొసగినవారు పెద్దలే. పొలమున పరాయి పశువు పడినచో పరుగెత్తుకొని పోవు రైతు తన తోటలో పరుల బిడ్డలు చెడుచుండగా కనులు మూసికొనుట కేవలము కిరాయి మహిమ.

మేము కోరునది పెద్ద సంస్కరణ కాదు. వయస్సు నిర్ధారింపక అమ్మినట్లు రుజువైనచో జుల్మానాతో విడువక దుకాణము లైసెన్సును రద్దుపఱచవలెను. ఫారంహౌసు యజమానియు విక్రేతతోపాటు బాధ్యుడు కావలెను. వయస్సు పరీక్షించు తనిఖీదారులకు అమ్మకముల లక్ష్యములతో సంబంధ ముండరాదు. నేటి లైసెన్సుల గడువు 2027 నవంబరుతో తీఱును. వెనుకటి చీట్ల నిబంధనలలో రుసుము నెంత పెంచవలెనో మంత్రివర్గము మఱవలేదు; రాబోవు నిబంధనలలో ఈ మూడింటిని చేర్పించుటకు శంషాబాదు, జల్‌పల్లి ప్రాంతముల పౌరులు ఇప్పటినుండియే తమ శాసనసభ్యుల నడుగవలెను.