టైమ్ లేక అమ్ముతున్నాను: బండి ఉన్నవాళ్లకు లేనిది ఏమిటి?

పాత బళ్ల ప్రకటనలు చూస్తే ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, 4,000 కిలోమీటర్లే తిరిగింది, నడపడానికి టైమ్ లేక అమ్ముతున్నాను." మూడేళ్ల బండి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగిందంటే రోజుకు నాలుగు కిలోమీటర్లు కూడా కాదు. అమ్మే మనిషికి డబ్బు ఇబ్బంది లేదు, బండి పాడవలేదు, ఇష్టం కూడా పోలేదు. అయినా అమ్ముతున్నాడు. ఎందుకు? ఈ వారం వ్యాసానికి ఈ ప్రశ్నే తీసుకున్నాను. చూడ్డానికి చిన్న విషయమే కానీ అవకాశ వ్యయం, కాల వినియోగం, జెండర్, పట్టణ జీవితం అన్నీ ఇందులో ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వీళ్లలో చాలామంది అమ్మడానికి కారణం బద్ధకమూ కాదు, మోజు తీరిపోవడమూ కాదు. కొనేటప్పుడు మనం డబ్బు లెక్క వేస్తాం, సమయం లెక్క వేయం. ఆ రెండో లెక్క రెండు మూడేళ్ల తర్వాత ముందుకొస్తుంది. అప్పుడు అమ్మడం ఓటమి కాదు, ఆలస్యంగా వేసిన సరైన లెక్క.

ఏ బండి గురించి ఈ మాట?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో దాదాపు సగం కుటుంబాలకు ద్విచక్ర వాహనం ఉంది. 2024-25లో దేశీయంగా సుమారు 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. వీటిలో ఎక్కువ భాగం 100, 125 సీసీ బళ్లు, స్కూటర్లు. పాలు పోసే అతను, డెలివరీ కుర్రాడు, మెడికల్ రిప్రజెంటేటివ్ టైమ్ లేదని బండి అమ్ముకోరు. వాళ్లకు టైమ్ మిగిల్చేదే ఆ బండి.

టైమ్ లేక అమ్ముడవుతున్నది వేరే రకం. 350 సీసీ, ఆపైన. ఆఫీసుకు కాదు, ఆదివారానికి కొన్నది. మొదటిది సమయాన్ని ఆదా చేసే వస్తువు, రెండోది సమయాన్ని అడిగే వస్తువు. రెండింటికీ ఆర్సీ ఒకటే, రోడ్డు ఒకటే, కానీ ఆర్థికశాస్త్రం వేరు.

నిలబెట్టిన బండి ఊరికే ఉండదు

"వాడకపోతే ఖర్చేముంది, మూల పడి ఉంటుంది కదా" అనుకుంటాం. ఇంజినీరింగ్ చదివినవాడిగా ఈ మాట ఒప్పుకోలేను. నడపకపోయినా బ్యాటరీ దిగిపోతుంది. ఇప్పటి బళ్లలో చాలావాటికి కిక్ లేదు కాబట్టి బ్యాటరీ పోతే బండి కదలదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. టైర్లలో గాలి తగ్గి ఒకే చోట బరువు పడుతుంది. డిస్క్ మీద తుప్పు వస్తుంది. కిలోమీటర్లు తిరగకపోయినా గడువు ప్రకారం ఆయిల్ మార్చాలి. సెల్లార్‌లో ఎలుకలుంటే వైరింగ్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక విలువ. బీమా కోసం వాడే ఐడీవీ పట్టిక ప్రకారం ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు. ఆ పట్టిక క్యాలెండర్‌ను చూస్తుంది, మీటర్‌ను చూడదు. రెండు లక్షల ఎక్స్‌షోరూమ్ ధర ఉన్న బండి మూడేళ్లు దాటాక లెక్కలో 1.2 లక్షలు. పోయిన 80 వేలను తిరిగిన 4,000 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 20 రూపాయలు. పెట్రోలు ఖర్చు సుమారు మూడు రూపాయలే! మార్కెట్ ధర కాస్త అటూ ఇటూ ఉండొచ్చు కానీ దిశ మాత్రం ఇదే. ఎంత తక్కువ నడిపితే ప్రతి కిలోమీటరూ అంత ఖరీదు.

టైమ్ ఉంది, ముక్కలుగా ఉంది

స్వీడన్ ఆర్థికవేత్త స్టెఫాన్ లిండర్ 1970లోనే దీని గురించి ఒక పుస్తకం రాశాడు. ఆదాయం పెరిగేకొద్దీ మనిషి గంట విలువ పెరుగుతుంది, కొనగలిగే వస్తువులూ పెరుగుతాయి, కానీ రోజుకు గంటలు 24 దాటవు. కాబట్టి ఒక్కో వస్తువుకు దక్కే సమయం తగ్గిపోతుంది. బండి కొనగలిగే జీతం ఇచ్చే ఉద్యోగమే బండి నడిపే సమయాన్ని తీసుకుంటుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, బలమైనదే. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఆరేళ్లు పైబడినవాళ్లు సంస్కృతి, వినోదం, మీడియా, క్రీడలకు రోజుకు సగటున 171 నిమిషాలు వెచ్చిస్తున్నారు. దాదాపు మూడు గంటలు. "మరి టైమ్ లేదనడం సాకే కదా? ఫోన్ పక్కన పెడితే బండి నడపొచ్చు కదా?" అని అడగొచ్చు.

ఇక్కడే అసలు విషయం ఉందని నా అభిప్రాయం. ఆ మూడు గంటలు ఒకేచోట ఉండవు. భోజనం దగ్గర పదిహేను నిమిషాలు, మెట్రోలో అరగంట, పడుకునే ముందు ఇంకాస్త. ఫోన్ ఆ ముక్కల్లో ఇమిడిపోతుంది. బండి ఇమడదు. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు వెళ్లి రావాలన్నా, బెంగళూరు నుంచి నంది హిల్స్ వెళ్లి రావాలన్నా కనీసం సగం రోజు తెగకుండా కావాలి. ఎండ ఎక్కకముందే ఊరు దాటాలంటే ఐదింటికి లేవాలి, అంటే శనివారం రాత్రి కూడా అందులో కలిసిపోతుంది. అమ్మేవాడు "టైమ్ లేదు" అన్నప్పుడు తెగని సమయం లేదని అర్థం. అది అబద్ధం కాదు.

ఆదివారం ఎవరిది?

ఇంకో కోణం ఉంది, దీన్ని మనం తక్కువగా మాట్లాడుకుంటాం. పెళ్లయ్యాక, ముఖ్యంగా పిల్లలు పుట్టాక చాలా బళ్లు అమ్మకానికి వస్తాయి. దాన్ని మగవాడి స్వేచ్ఛ పోయిన కథగా, జోకుగా చెప్పుకుంటాం. అదే సర్వేలో ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటికి పెడుతున్నారని తేలింది. 15-59 ఏళ్ల వారిలో ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసే మహిళలు 41 శాతం, పురుషులు 21.4 శాతం.

అంటే భర్త ఆదివారం ఐదు గంటలు బండి మీద ఉన్నాడంటే ఆ ఐదు గంటలు ఇంట్లో ఎవరో భర్తీ చేస్తున్నారు. ఆ లెక్క చూసి బండి అమ్మిన తండ్రిని చూసి జాలిపడాల్సింది ఏమీ లేదు. అతను తన వాటా పని తీసుకున్నాడు. అసలు అడగాల్సిన ప్రశ్న, ఆ ఇంట్లో ఆమె ఎన్ని ఇష్టాలు మొదలుపెట్టకుండానే వదిలేసింది అని. వాటికి ప్రకటనలు ఉండవు.

తెలిసినా ఎందుకు ఆలస్యం?

లెక్క తెలిశాక వెంటనే అమ్మేయాలి కదా? అమ్మం. నేనూ అమ్మలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఇష్టపడి ఒక 350 సీసీ బండి కొన్నాను. ఉద్యోగం మానేసి ప్రిపరేషన్‌కు అశోక్‌నగర్ వచ్చాక అది ఖమ్మంలో ఇంటి వరండాలో ఉంది. బ్యాటరీ పోకుండా ప్రతి ఆదివారం నాన్న స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతాడు. పోయిన నెల ఫోన్‌లో అన్నాడు, "ఆదివారం ఆదివారం నేను నిద్ర లేపుతున్నరా దాన్ని. నువ్వొచ్చి తిప్పేదెప్పుడు?"

నా దగ్గర సమాధానం లేదు. రిచర్డ్ థేలర్ చెప్పిన ఎండోమెంట్ ఎఫెక్ట్ గురించి నోట్స్ రాసుకున్నాను, మన చేతిలో ఉన్నదానికి మనం ఎక్కువ విలువ కడతామని. పెట్టిన డబ్బు తిరిగి రాదు కాబట్టి దాన్ని బట్టి ముందు నిర్ణయం తీసుకోకూడదనీ రాసుకున్నాను. రెండేళ్లుగా ఆ రెండూ నాకు వర్తిస్తాయని ఒప్పుకోలేదు. ఎందుకంటే అడ్డుపడింది ఆ 80 వేలు కాదు. ఎప్పటికైనా లడఖ్ వెళ్తానని చెప్పిన ఆ ఇరవై రెండేళ్ల నేను. బండి అమ్మితే అతను అబద్ధం చెప్పినట్టవుతుందని అనిపించింది.

కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. కోరిక నిజమే, దానికి కావలసిన సమయం ఇప్పుడు లేదు. ఆ సమయం వచ్చినప్పుడు బండి దొరుకుతుంది. నడవని బండి దాచినంత మాత్రాన సమయం రాదు.

అమ్మితే పూర్తిగా అమ్మాలి

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. డబ్బు తీసుకుని తాళం ఇచ్చేస్తే అమ్మినట్టు కాదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. రికార్డుల్లో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనర్ మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో స్పష్టం చేసింది.

మా వీధి చివర ఉండే ఒక తమ్ముడు బండి అడుగుతున్నాడట. గ్రానైట్ ఫ్యాక్టరీలో పని, రోజూ పోనూ రానూ ముప్పై కిలోమీటర్లు. నేను మూడేళ్లలో తిప్పిన దూరం అతను ఐదు నెలల్లో తిప్పేస్తాడు. ఫారం 29, 30 మీద సంతకాలు చేయడానికి వచ్చే శనివారం ఇంటికి వెళ్తున్నాను. ఆదివారం పొద్దున నాన్నను వెనక కూర్చోబెట్టుకుని పాలేరు చెరువు దాకా ఒకసారి వెళ్లొచ్చి తాళం ఇచ్చేస్తాను.