పేనూ నల్లీ

మా బళ్లో మూడో తరగతి పిల్ల తల గోక్కుంటా ఉంటే తోటి టీచరమ్మ అంది: "ఆ పిల్లని వెనక కూచోబెట్టండి మాస్టారూ, పేలు! వాళ్లకి శుభ్రం ఎక్కడేడ్చింది?"

ఆ 'వాళ్ల'లో నేనూ ఉన్నానని ఆమెకి తెలుసు.

పేనుని నాకు మాయమ్మ చూపించింది. కూలి నించి వచ్చి పొద్దుగూకేలోపు గడపలో కూచోబెట్టి తల చూసేది. నల్లిని సాంఘిక సంక్షేమ హాస్టలు చూపించింది. రెండూ నెత్తురు తాగేవే. కాపురాలే వేరు.

పేను మనిషి తలలోనే బతుకుద్ది. కింద పడితే ఒకట్రెండు రోజుల్లో చస్తది. ఎగరలేదు, దూకలేదు. తలకి తల ఆనితేనే పాకుద్ది. రోజూ తలంటుకునే తలయినా దానికొకటే. నల్లి మనిషి మీద కాపురముండదు. గోడ పగుల్లో, మంచం పట్టెల్లో, ట్రంకు పెట్టె అంచుల్లో దాక్కుని, రాత్రి వచ్చి తాగి మళ్లీ సందులోకి పోద్ది. నెలల తరబడి తిండి లేకపోయినా ఓర్చుకుంటది.

పేను పట్టిందంటే పిల్లలు తలలు ఆనించి ఆడుకున్నారని అర్థం. హాస్టల్లో నల్లి పెరిగిందంటే గోడ పగుళ్లు పూడ్చనోళ్ల తప్పు. అయినా రెండింటికీ మురికోళ్లం మేమే! ఆ గోడని మాత్రం ఎవరూ ఒక్క మాటనలేదు.

టీచరమ్మా, మీ పాపకి పేను పట్టిందంటే మా పిల్ల పక్కన కూచుందన్నమాట. మీ భయం పేనంటే కాదు, ఆ తగలడమంటే.

సినిమా హాలు కుర్చీల్లో నల్లులు కులం చూడకుండా అందర్నీ కుట్టినయ్. కుట్టించుకున్నోళ్లు కుర్చీ మారి కూచున్నారు. 1991లో చుండూరు సినిమా హాల్లో దళిత కుర్రాడి కాలు తగిలిందని గొడవ రేగింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. నల్లి కుడితే ఓర్చుకున్నోళ్లు మనిషి తగిలితే ఓర్చుకోలేకపోయారు.

ఊళ్లో కులం వెలుతుర్లోనే తిరిగింది. చదువుకున్నోళ్ల కులం నల్లి. స్టాఫ్‌రూము కుర్చీ సందుల్లో, అద్దె ఇంటి గడపలో "మీరేమిట్లు?" అనే ప్రశ్నలో దాక్కునుంటది. కనపడదు కాబట్టి లేదంటారు. దద్దుర్లు చూపిస్తే మా ఒంటిదే జబ్బంటారు.

ఆ పిల్లని ముందు వరసలో కూచోబెట్టా. పేల మందు ఆమెకొక్కదానికే కాదు, తలలో పేలున్న పిల్లలందరికీ రాయించా. వాళ్లలో టీచరమ్మ పాపా ఉంది.

నల్లికి మాత్రం ఒక్కదాన్ని నలిపితే చాలదు. మంచం ఎండలో వేసి ప్రతి సందులో సలసల కాగే నీళ్లు పొయ్యాలి. నలిపితే కంపు కొడతదని ముక్కు మూసుకునే పెద్దలారా, ఆ కంపు నల్లిది. నలిపినోడిది కాదు.