టెక్సాస్ కౌంటీ ఎన్నికలు: ఆరు నెలల రూల్ సరే.. సొంతిల్లు ఏదో తేల్చేదెవరు?

అమెరికాలోని టెక్సాస్‌లో మొత్తం 254 కౌంటీలు ఉన్నాయి. కౌంటీ ప్రాపర్టీ ట్యాక్స్ రేటు, బడ్జెట్ తేల్చేది కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లతో కూడిన కమిషనర్స్ కోర్టు. పేరుకు కోర్టే కానీ చేసేది మాత్రం పాలన. డల్లాస్, హ్యూస్టన్ శివారు కౌంటీల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్ల ట్యాక్స్ బిల్లుకూ దీంతో నేరుగా లింకుంది.

ఎవరు పోటీ చేయొచ్చు?

అమెరికా పౌరుడై ఉండాలి. టెక్సాస్‌లో 12 నెలలు, ఆ కౌంటీ లేదా ప్రిసింక్ట్‌లో 6 నెలలు వరుసగా నివాసం ఉండాలి. ఇక్కడే ఓ మెలిక ఉంది. ప్రైమరీలో దిగేవాళ్లకు ఈ లెక్క పోలింగ్ రోజు నుంచి కాదు, నామినేషన్ల ఆఖరి తేదీ నుంచి వెనక్కి వేస్తారు. ఉదాహరణకు 2026 నవంబర్ ఎన్నికకు ఆ గడువు 2025 డిసెంబర్‌లోనే ముగిసింది. అంటే 2025 జూన్‌కల్లా అక్కడ నివాసం ఉండి తీరాలి.

అసలు చిక్కు ఇదే

చట్టం ప్రకారం నివాసం అంటే.. తాత్కాలికంగా ఎక్కడికెళ్లినా తిరిగి రావాలనుకునే స్థిరమైన ఇల్లు. మరి 'రావాలనుకోవడం' అనే మనసులో మాటను రుజువు చేసేదెలా? పెద్ద కౌంటీల్లో ఇది అంతగా కనిపించదు. కానీ 2020 జనగణనలో లవింగ్ కౌంటీ జనాభా 64 మందే! అలాంటి చోట నలుగురైదుగురు నిజంగా అక్కడ ఉంటున్నారా లేదా అన్నదే ఫలితాన్ని మార్చేయగలదు.

పదవిలో ఎన్నాళ్లు?

పదవీకాలం నాలుగేళ్లు. ఎన్నిసార్లు గెలిచినా రాష్ట్ర చట్టంలో పరిమితి లేదు. అయితే పదవీకాలం ఇంకా ఏడాది 30 రోజులకు మించి ఉండగా వేరే పదవికి పోటీ ప్రకటిస్తే, ఉన్న పదవికి ఆటోమేటిక్‌గా రాజీనామా చేసినట్టే లెక్క.

మన దగ్గర సర్పంచ్ కావాలన్నా ఆ ఊళ్లో ఓటుండాల్సిందే. ఊరి పగ్గాలు ఊరివాళ్ల చేతిలోనే ఉండాలన్నది రెండు చోట్లా ఉద్దేశం. కానీ టెక్సాస్‌లో ఆ రూల్ సగం నమ్మకం మీదే నడుస్తోంది. పదవికి పరిమితి కూడా లేదు కాబట్టి చివరి తనిఖీ ఓటరు చేతిలోనే ఉంది. హెచ్‌1బీ, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు ఆ అవకాశమూ లేదు. ట్యాక్స్ మాత్రం కట్టాల్సిందే!