దుప్పట్ల అలమర వెనక ఆరు ప్రాణాలు

పాత ఇల్లంటే ఏముంది, పెచ్చులూడే గోడలేగా అనుకుంటున్నారా? అయితే హాలెండ్‌లో హార్లెమ్ అనే ఊళ్ళోని టెన్ బూమ్ వారి ఇంటి సంగతి వినండి.

1837 నుంచీ వాళ్ళకి కింద గడియారాల కొట్టు, పైన కాపురం. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఆ దేశాన్ని ఆక్రమించి యూదుల్ని పట్టుకుపోతుంటే, ముసలాయన కాస్పర్, పెళ్ళికాని కూతుళ్ళు బెట్సీ, కోరీ వాళ్ళకి తలుపు తీశారు. పై అంతస్తులో కోరీ పడగ్గదిలో ఇటుకలతో దొంగగోడ కట్టించారు. తట్టి చూస్తే డొల్లగా మోగకూడదు కదా! దాని వెనక్కి దారి ఎటనుకున్నారు? దుప్పట్లు పెట్టుకునే అలమర కింది అరలోంచి!

1944 ఫిబ్రవరి 28న సోదా జరిగింది. గోడ వెనక ఆరుగురు ఊపిరి బిగబట్టుకుని నక్కారు. దొరకలేదు. సుమారు రెండు రోజులకి వాళ్ళని తప్పించారు. ఇంటివాళ్ళు మాత్రం ఖైదయ్యారు. 84 ఏళ్ళ కాస్పర్ పదిరోజులకే పోయారు. బెట్సీ ఆ డిసెంబరులో నిర్బంధ శిబిరంలో కన్నుమూసింది. ముగ్గురిలో కోరీ ఒక్కతే తిరిగొచ్చింది.

1988 నుంచీ ఆ ఇల్లు మ్యూజియం. లోపలి చోటు కనబడేలా దొంగగోడకి కన్నం చేసి ఉంచారు.

ఆ కథ తెలియకపోతే అదీ ఉత్త ఇటుకల గోడే. అందుకే పుట్టింటికైనా అత్తింటికైనా మరమ్మతులు మొదలెట్టేముందు ఫొటోలు తీయించండి. ఏ గదిలో ఏం జరిగిందో పెద్దవాళ్ళనడిగి నోటుబుక్కులో రాసి పెట్టండి. సున్నం ఎప్పుడైనా వేయించుకోవచ్చు గానీ, చెప్పేవాళ్ళు ఎల్లకాలం ఉండరు కదా!